రెండో కాపీ

“అంటే ఏమిటి? వాడు లేడని ముందే రాసిపెట్టుకున్నారా?”

అత్తగారి గొంతు పెద్దగా లేవలేదు. కోడలికి భయం వేసింది అందుకే. ఈ ఐదు రోజుల్లో ఆవిడ ఏడ్చింది, తిట్టింది, గోడకు తల బాదుకోబోతే మామగారు పట్టుకుని ఆపారు. ఇంత నెమ్మదిగా మాట్లాడటం మాత్రం ఇదే మొదలు.

భోజనాల బల్ల మీద కోడలి లాప్‌టాప్ తెరిచి ఉంది. దాని ముందు మామగారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, మెడ వంచుకుని, ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దినప్పుడు కూర్చున్నట్టే కూర్చుని ఉన్నారు. స్నానానికి వెళ్తూ ఆమె మూత వేయడం మర్చిపోయింది. ఎంతసేపని, పది నిమిషాలు. కొంప మునగడానికి పది నిమిషాలు చాలా ఎక్కువ.

“కొత్త వార్త ఏమైనా వచ్చిందేమోనని చూశానమ్మా,” అన్నారాయన తల ఎత్తకుండా. “రెండు కాపీలున్నాయి. ఒకదాని పేరు ‘దొరికితే’. రెండోదాని పేరు ‘దొరకకపోతే’.”

“అది పద్ధతి అత్తయ్యా. పెద్ద వార్త ఏదైనా సరే, రెండు రకాలుగానూ రాసి ఉంచుకుంటాం. ఎన్నికలైనా, ఆటలైనా. ఏది నిజమైతే అది వెంటనే పెట్టేయడానికి. ఒక్క నిమిషం ఆలస్యమైతే జనం పక్క సైటుకి పోతారు.”

“జనం ఎక్కడికి పోతే ఎవడిక్కావాలి? పోయింది నీ…” అని ఆవిడ నాలుక కరుచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

మామగారు గొంతు సవరించుకున్నారు. “మేమూ చేసేవాళ్లం లేవే. పెద్ద నాయకుడెవరైనా మంచం పట్టాడంటే ముందే కంపోజ్ చేయించి సొరుగులో పెట్టుకునేవాళ్లం.”

“ఆ నాయకుడి ఇంట్లో, ఆయన అన్నం తినే బల్ల మీద పెట్టారా?”

ఆయన మళ్లీ తెర వైపు తిరిగారు. పేపరు అచ్చు ఆగిపోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఆ ఇంటికి పొద్దున్నే గుమ్మం దగ్గర టప్పుమనే చప్పుడు లేదు. మిగిలిందంతా తెర మీదే. ఆఫీసులో ఆయనకు ‘కామా గారు’ అని పేరు. ఒక్క కామా కోసం ఎడిటర్‌తో గంటసేపు వాదించిన మనిషి. తన కొడుకు చావు గురించి ఎవరో రాసిపెట్టిన కాగితం చేతికొచ్చినా, ఆ కళ్లు ముందు తప్పులే వెతికాయి. కోడలికి ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

“వయసు మాత్రం సరిగ్గా వేశారు,” అన్నారు. “ముప్పై తొమ్మిది.”

“ముప్పై ఎనిమిది కదా మావయ్యా?”

“ముప్పై తొమ్మిదే,” అంది అత్తగారు కిటికీ దగ్గర్నుంచే. “బళ్లో చేర్చేటప్పుడు ఒక ఏడాది తగ్గించి రాయించాను. రేపు ఉద్యోగానికి కలిసొస్తుందని. ఆ సంగతి మా ఇద్దరికీ, చంటోడికీ తప్ప ఎవరికీ తెలీదు.”

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఊరంతా ఫొటోగ్రాఫర్ అని పిలిచే మనిషి, ఆవిడకి ఇంకా చంటోడే. పెళ్లయి పదకొండేళ్లయినా ఈ మాట తనకెందుకు చెప్పలేదని కోడలికి ఒక్క క్షణం చివుక్కుమంది. ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం వార్తల డెస్క్ ఇన్‌ఛార్జి ఈ కాపీ పంపినప్పుడు ఆమె ఒకే ఒక్క చూపు చూసి మూసేసింది. ఆ చూపులో పడిన అంకె ముప్పై ఎనిమిది.

ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఎవరు ఏ అక్షరం ముట్టుకున్నా పక్కన పేరూ సమయమూ పడతాయి. డెస్క్‌లో ఒకళ్ల తప్పు ఇంకొకళ్ల మీదికి నెట్టకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. వయసు మార్చింది ఈ ఉదయం, తొమ్మిది దాటి పది నిమిషాలకు. మార్చినవారి పేరు దగ్గర ఆమె భర్త పేరుంది.

“మావయ్యా, మీరేమైనా… ఆయన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లారా?”

“నాకు కరెంటు బిల్లు కట్టడానికే నువ్వు పక్కన ఉండాలి. నన్నడుగుతున్నావా?” ఆయన ముఖం ఎర్రబడింది. “అయినా నేను దిద్దితే అంకెతో ఆపుతానా? మొదటి వాక్యమే ఏడ్చినట్టుంది.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా హాస్యానికి అనలేదు.

*

ఆఫీసు హాల్లో ఒకప్పుడు అచ్చు యంత్రం ఉండేది. దాన్ని పీకేసిన చోట నేల మీద నూనె మరకలు ఇంకా పోలేదు. వాటి మీదే కుర్చీలు వేసుకుని పాతికమంది కూర్చుంటారు. ఎదుటి గోడ నిండా ఒక తెర. ఏ వార్తను ఈ క్షణంలో ఎంతమంది చదువుతున్నారో దాని మీద పైనుంచి కిందికి వరసగా కనబడుతుంది. అంకెలు ఊరికే ఉండవు, పెరుగుతాయి, తరుగుతాయి. కొత్తగా చేరినవాళ్లు వారం రోజులు దాన్ని చూసి ముచ్చటపడతారు. ఆ తరవాత నిద్రలో కూడా అవే కనబడతాయి.

ఐదు రోజులుగా పైవరస కదల్లేదు. పాత వంతెన సగం కూలిన చోట నిలబడి లైవ్ ఇస్తుండగా మిగతా సగమూ కూలి, వరదలో పడిపోయిన ఫొటోగ్రాఫర్ వార్త అది. రిపోర్టరు, ఫొటోగ్రాఫరు, డ్రైవరు, ముగ్గురు వెళ్లే పనికి ఇప్పుడు ఒక్కణ్ణే పంపుతున్నారు, చేతిలో ఒక ఫోనిచ్చి. గంటకో కొత్త శీర్షిక మారుతోంది. లోపల విషయం మాత్రం అదే. “ఆ చివరి పదకొండు సెకన్లలో ఏం జరిగింది?” అని ఇప్పుడు వేలాడుతున్నది. ఇలాంటివి కోడలు తన చేత్తో కొన్ని వందలు రాసింది. ఎవరింటి మనుషులో చదువుకుంటారని ఒక్కసారైనా తోచలేదు.

ఆమె రావడం చూసి అందరూ ఒక్కసారిగా పనిలో మునిగిపోయారు. పలకరిస్తే ఏమనాలో తెలియక ముఖం చాటేయడమది. ఆమెకీ అదే మంచిదనిపించింది. గోడ తెర అడుగున, బయటికి వెళ్లని కాపీల వరస ఉంటుంది. డెస్క్ వాళ్లు తప్ప ఎవరూ తెరవలేనివి. ఆ వరసలో చూపు ఆగిపోయింది.

దొరకకపోతే. చదువుతున్నవారు: 1.

ఆమె హాలంతా ఒకసారి తిరిగింది. ఒక్కొక్కరి భుజం మీదుగా తొంగి చూసింది. ధరల వార్త, ఆటల వార్త, ఏదో సినిమా గొడవ. ఎవరి తెర మీదా ఆ కాపీ లేదు. తన లాప్‌టాప్ సంచీలో మూసి ఉంది. అంకె మాత్రం ఒకటి దగ్గరే ఉంది.

కంప్యూటర్లు చూసే పెద్దమనిషిని అందరూ వైర్లాయన అంటారు. ఎప్పుడూ ఏదో ఒక బల్ల కింద దూరి ఉంటాడు. ఆమె అడిగింది విని బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుని, తన తెర మీద చాలాసేపు చూశాడు.

“మీ ఆయన లాగిన్‌తోనే తెరిచారమ్మా. ఆఫీసు ఇచ్చిన ఫోన్లోంచే.”

“ఆ ఫోను ఆయన చేతిలో ఉంది కదండీ, పడిపోయినప్పుడు.”

“అదే చెప్తున్నా.”

“ఎక్కడుంది?”

“అదే చూపించట్లేదు. నేను ఫోన్ చేస్తే స్విచాఫ్ అంటోంది. ఇక్కడేమో తెరిచి ఉంది.” ఆయన మెడ వెనక రాసుకున్నాడు. “ఇలా ఎప్పుడూ చూళ్లేదు. ఎవరి చేతికైనా దొరికిందేమో మరి. డ్యూటీలో లేనివాళ్ల లాగిన్ ఆపేయాలని రూలు. ఆపేయనా?”

“వద్దు!”

హాలంతా తల తిప్పింది. ఇప్పటిదాకా ఆమెను చూడనట్టు కూర్చున్నవాళ్లందరూ చూశారు.

అద్దాల గదిలోంచి ఇన్‌ఛార్జి చెయ్యి ఊపి పిలిచాడు. చెడ్డవాడేం కాదు. ఆమె చేరిన రోజు నుంచీ పని నేర్పింది ఆయనే. కుర్చీ చూపించి, మంచినీళ్ల సీసా ముందుకు జరిపాడు.

“సాయంత్రం నాలుగింటికి వెతికే పడవలు వెనక్కి పిలిచేస్తున్నారమ్మా. ఇక దొరకడని అధికారికంగా చెప్పేస్తారు. అందరూ పెడతారు. మనవాడి వార్తలో మనం వెనకబడితే బాగుండదు. ఇంట్లోవాళ్లు సరే అననిదే ఇలాంటిది పెట్టం, నీకు తెలుసు. ఇంటి మనిషివీ నువ్వే, డెస్క్ మనిషివీ నువ్వే. నాలుగింటికల్లా సరే అని నొక్కేయ్.”

“కాపీ పూర్తిగా చదవలేదు సర్.”

“చదువు. ఒక్క వాక్యం నేను కలిపాను.”

ఆయన తెర తిప్పి చూపించాడు. ఫొటోగ్రాఫర్ ఆఫీసు సూచనలను కాదని, సొంత నిర్ణయంతో వంతెన చివరికి వెళ్లారు, అని ఉంది అక్కడ.

“సూచనలేంటి సర్? వెళ్లమన్నది నేను. ఇంకాస్త దగ్గరికి వెళ్లు, చూసేవాళ్లు పెరుగుతున్నారు అని గ్రూపులో పెట్టింది నేనే కదా.”

“ఎక్కడ పెట్టావు?”

“గ్రూపులో…”

“చూపించు.”

ఆమె ఫోను తెరిచి ఆ రోజు దాకా వెనక్కి వెళ్లింది. ‘వెలుతురు బాగుంది’ అని భర్త పంపింది ఉంది. దాని తరవాత ఉండాల్సింది లేదు. ఆ కింద మళ్లీ ఆయనదే, ‘సరే మేడమ్’. ఇంట్లో ఆటపట్టించడానికి పిలిచే పిలుపును ఆ రోజు ఆఫీసు గ్రూపులోనే వాడేశాడు. ఇప్పుడు ఆ ‘సరే’ ఎవరికి చెప్పాడో ఎవరికీ తెలియదు. ఎవరూ ఏమీ అడగకుండానే సరే అన్నట్టుంది.

“తీసేశాం,” అన్నాడు ఇన్‌ఛార్జి. “నీ మంచికేనమ్మా. రేపు విచారణ అంటారు, ముందు నిన్నే పీకుతారు. అదొక్కటే కాదు. ఆ ముసలివాళ్ల ముందు నువ్వు తలెత్తుకుని తిరగాలా వద్దా?”

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అలా అయినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా లేచి వచ్చేటప్పుడు ఆ వాక్యం తీసేయమని అడగలేదు.

*

మూడున్నరకు ఆమె మళ్లీ భోజనాల బల్ల ముందు కూర్చుంది. బయట ఎండ కాస్తోంది. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. అత్తగారు ఒక పక్క, మామగారు ఒక పక్క కుర్చీలు జరుపుకుని వచ్చి కూర్చున్నారు. దాచి లాభం లేదని ఆమె కాపీ తెరిచి, నాలుగింటికి ఏం జరగబోతోందో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ ఒక్కటీ తప్ప.

మామగారు పైకి చదివారు. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది.

“సొంత నిర్ణయంతో? ఇదెవరు రాశారు?”

“వాడంతట వాడు వెళ్లడు,” అంది అత్తగారు. “ఎవరో వెళ్లమనుంటారు. చెప్పినపని చెయ్యడం తప్ప వాడికి ఏం తెలుసు? ఎవరు వెళ్లమన్నారే అమ్మాయీ? నువ్వు అక్కడే ఉన్నావుగా ఆ రోజు?”

కోడలు తెర వంకే చూస్తూ కూర్చుంది.

“మా రోజుల్లో తప్పు పడితే పొద్దున్నే ఊరంతా చదివేది,” అన్నారు మామగారు. “మర్నాడు సవరణ వేసేవాళ్లం. పొరపాటు మాది, చింతిస్తున్నాం అని. సిగ్గుగా ఉండేది, కానీ వేసేవాళ్లం. ఇప్పుడు హాయిగా చెరిపేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. ఎవరినడుగుతావు?”

ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కోడలికి మాత్రం ఒక్కొక్క మాటా చురుక్కున తగిలింది.

అప్పుడే తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ప్రత్యక్షమైంది. ఇంకొకరు అదే కాపీలోకి వస్తే ఇలా సన్నటి నిలువు గీత కనబడుతుంది, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఆకుపచ్చ ఎవరిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. దాని నెత్తిన పేరు కూడా ఉంది.

“ఏమిటమ్మా అది?”

“ఆయన లాగిన్, మావయ్యా.”

గీత మొదటి పేరాలో కాసేపు ఆగింది. రెండో పేరాలోకి దిగింది. చదువుతున్న మనిషి వేలు కదిలినట్టు కదులుతూ వచ్చి, ‘సొంత నిర్ణయంతో’ వాక్యం చివర నిలబడింది. అక్కడి నుంచి వెనక్కి తినడం మొదలుపెట్టింది. ‘వెళ్లారు’ పోయింది. ‘చివరికి’ పోయింది. తొందర లేదు. ఒక్కో అక్షరం, మధ్యలో చిన్న ఆగుడు. వాక్యమంతా పోయాక అక్కడ ఖాళీ మిగిలింది.

అత్తగారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. “చంటీ,” అంది తెరతో. “ఎక్కడున్నావురా?”

గీత కదల్లేదు. కోడలు కూడా ఆ ఖాళీలో రాసి అడిగింది, ‘ఎక్కడున్నావు?’ అని. జవాబు రాలేదు. ఆమె అడిగింది అడిగినట్టే కాసేపు ఉండి, చెరిగిపోయింది. ఆకుపచ్చ గీత మళ్లీ ఖాళీ దగ్గరికొచ్చి ఆగింది. కాపీకి సంబంధం లేనిదాన్ని కాపీలో ఉండనివ్వని మనిషెవరో అటువైపున్నారు.

“వాడు వెళ్లలేదంటున్నాడు,” అంది అత్తగారు. “తనంతట తను వెళ్లలేదనే కదా అది కొట్టేశాడు? మరి ఎవరు పంపారో రాయడేం? అడుగు. ఎవరు పంపారని అడుగు!”

అడగాల్సిన పని లేదు. కోడలు కళ్లు మూసుకుని తెరిచింది. తర్వాత పదేళ్లుగా రాస్తున్న పద్ధతిలోనే, ఎవరి గురించో రాసినట్టు, ఆ ఖాళీలో రాసింది. మామగారు అలవాటుకొద్దీ వెంట వెంట పైకి చదువుతూ వచ్చారు.

“ఇంకాస్త దగ్గరికి వెళ్లమని… డెస్క్ నుంచి ఆయనకు సందేశం పంపింది… ఆయన…”

ఆయన గొంతు అక్కడ ఆగిపోయింది. చివరి మాట ఎవరూ చదవలేదు. అది అక్కడుంది. ‘ఆయన భార్యే.’

పక్కింట్లో బట్టల చప్పుడు కూడా ఆగింది. అత్తగారు తెరను చూడటం మానేసి కోడలి ముఖంలోకి చూసింది.

“నువ్వా?”

“అవునత్తయ్యా.”

“ఎందుకు?”

“చూసేవాళ్లు పెరుగుతున్నారని.”

“ఎంతమంది చూస్తున్నారప్పుడు?”

“నలభై వేలు.”

“నలభై వేలమంది,” అంది ఆవిడ నెమ్మదిగా. “నలభై వేలమందిలో ఒక్కళ్లూ వాణ్ణి వెనక్కి రమ్మనలేదా?”

కొట్టి ఉంటే బాగుండేదనుకుంది కోడలు. జుట్టు పట్టుకుని ఈడ్చి ఉంటే ఇంకా బాగుండేది. ఆవిడ చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి.

“చూడండి, చూడండి,” అన్నారు మామగారు గుసగుసగా.

గీత వచ్చింది. ‘భార్యే’ అన్న మాట పోయింది. ‘ఆయన’ పోయింది. మొదటి వాక్యాన్ని చెరిపినట్టే దీన్నీ చెరుపుతోంది, ఒక్కో అక్షరం చొప్పున. తన మీద వేసిన అబద్ధాన్ని తుడిచిన చెయ్యి, ఆమె ఒప్పుకున్న నిజాన్నీ తుడిచేస్తోంది. కోడలికి అప్పటిదాకా రాని ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషి ఎప్పుడూ అంతే. ఆమె ఏది పగలగొట్టినా నేనే పగలగొట్టానని తల్లితో చెప్పేవాడు.

వాక్యం మొత్తం పోయింది. మళ్లీ ఖాళీ.

“మళ్లీ రాయి,” అంది అత్తగారు.

“అత్తయ్యా…”

“రాయమంటున్నానా? నువ్వు రాస్తే వాడు చెరుపుతాడు. చెరుపుతున్నంతసేపూ వాడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టేగా? నీ మీద నాకున్నది తరవాత చూసుకుంటాను. ముందు రాయి.”

రాసింది. గీత వచ్చింది, చెరిపింది. ఈసారి ఎక్కువసేపు పట్టింది. ‘సందేశం’ దగ్గర ఆగిపోయి, ఇక అయిపోయిందనుకున్నాక మళ్లీ కదిలింది. అత్తగారి పెదవులు ప్రతి అక్షరంతోనూ కదులుతున్నాయి.

“మళ్లీ.”

ఫోను మోగడం మొదలైంది. ఇన్‌ఛార్జి. గోడ గడియారంలో నాలుగు. ఆమె ఫోను ఎత్తలేదు. మూడోసారి అదే వాక్యాన్ని, అవే మాటలతో, తన తప్పు తానే అచ్చు వేసుకుంటున్నట్టు రాసి చుక్క పెట్టింది.

ఆకుపచ్చ గీత వచ్చి ఆ చుక్క పక్కన నిలబడింది. ముగ్గురూ ఎదురుచూశారు. ఫోను మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. గీత అక్కడే ఉంది. ఉండి ఉండి, ఒక రెప్పపాటులో, లేకుండా పోయింది.

వాక్యం మాత్రం ఉంది. ఆఖరి మాటతో సహా.

“చెరపలేదేమే?” అంది అత్తగారు, కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని. “వాణ్ణి చెరపమను. అమ్మాయీ, చెరపమని చెప్పవే!”